అటక మీద ఈల

ఎదిల్జా ఆ పామును కొన్నది ఎలుకల కోసం. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే తరవాత నది ఒడ్డున ఉన్న బెలేం పట్నంలో, జురూనాస్ పేటలో నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకున్నారు. మొగుడి కోసం కొన్నదని కొందరు, చేతబడికని కొందరు, బుర్ర తిరిగి కొన్నదని మిగిలినవాళ్ళు. అంత లేదు. ఆవిడది అసాయీ కొట్టు. సరుకు ఉందని గుర్తుగా వాకిట్లో ఎర్రజెండా కట్టి, పొద్దున్నే రేవు నుంచి బుట్టల్లో వచ్చిన నల్లటి పళ్ళను మరలో వేసి, చిక్కటి గుజ్జు తీసి సంచుల్లో పోసి అమ్ముతుంది. దాంతోపాటు కర్రపెండలం రవ్వ కూడా. పెరటి నిండా పళ్ళ గింజల గుట్టలు, గోడవారన రవ్వ బస్తాలు. అలాంటి ఇంటికి ఎలుకల్ని వేరే పిలవాలా?

బెలేంలో పాతకాలపు చెక్క ఇళ్ళల్లో అటక మీద జిబోయా ఉండటం వింతేమీ కాదు. విషం లేని పాము, కొండచిలువ జాతి. మనిషి జోలికి రాదు, ఎలుకను మింగి పడుకుంటుంది. ఎదిల్జా అమ్మమ్మ ఇంట్లోనూ ఒకటి ఉండేది. అమ్మమ్మ దానికి ఏమేం చేసేదో ఆవిడ ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఏమీ చేసేది కాదు కాబట్టే గుర్తు లేదన్న సంగతి చాలా ఆలస్యంగా తట్టింది.

రేవు పక్క సంతలో అర్జెమీరో దగ్గరికి వెళ్ళింది. వేళ్ళు, బెరళ్ళు, నూనెలు, వలపు పుట్టించే అత్తర్లు, అన్నీ అమ్ముతాడు. బల్ల మీద పెట్టేవి బల్ల మీద ఉంటాయి, పోలీసులు చూడకూడనివి బల్ల కింద తీగబోనుల్లో ఉంటాయి. తెల్లటి మీసం, తేనె పూసిన నోరు. అతని దగ్గర లేని వస్తువు ఉండదు, కాదనే మాట అసలే ఉండదు. ఆడవాళ్ళందరూ అతనికి 'దోనా'లే, అంటే అమ్మగార్లే; వాళ్ళకు అతను 'సెవు', అంటే అయ్యగారు.

"జిబోయానా దోనా? మీ అదృష్టం బాగుంది. చూడండి ఎంత సాధువో, పసిపాపలా పడుకుంది" అన్నాడు, బోనులోంచి దాన్ని తీసి ఆవిడ చేతిలో పెడుతూ. అది కదలలేదు, మెదలలేదు. తడి తాడులా వేలాడింది.

"మరీ ఇంత నెమ్మదిగా ఉందేంటి సెవు అర్జెమీరో? రేపు ఎలుక కనిపిస్తే దానికి దణ్ణం పెడుతుందేమో!"

"మీరు భలేవారు! నెమ్మదంటే అది దాని మర్యాద. కానీ ఒక్క మాట. ఇది వరద అడవిలోంచి వచ్చిన జీవం. నీళ్ళలో పుట్టింది, నీళ్ళే దాని ప్రాణం. ఒళ్ళు ఆరిందా, పోయిందే. తడిగోనెలు కప్పండి, పొద్దునా సాయంత్రం చన్నీళ్ళు చల్లండి. గోనెలు నా దగ్గరే ఉన్నాయి."

ఆవిడ గోనెలు కూడా కొన్నది. కొంటూ కొంటూ, ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాననీ, కూతురు ఊరికి అటు చివర ఉంటుందనీ, పడవ సరంగు అయిన మొగుడు లిందోమార్ మరజో దీవి నుంచి వస్తూ అఖాతంలో పడిపోయాడనీ కూడా చెప్పింది. పడవ బోల్తా కొడితే మిగతా అందరూ దొరికారు, లిందోమార్ దొరకలేదు. అర్జెమీరో టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

"చచ్చిపోలేదమ్మా ఆయన. ఎంకంతాదో అయ్యాడు" అన్నాడు.

ఆ ఊళ్ళో నీళ్ళలో పడి శవం దొరకని మనిషిని అలాగే అంటారు. నది అడుగున దీపాలూ వీధులూ ఉన్న పట్నం ఒకటి ఉందట. మాయలో పడ్డవాడు అక్కడ కాపురం ఉంటాడట, కబురు పంపగలిగితే పంపుతాడట. కూతురు క్లేదియానె ఆ మాట వింటేనే మండిపడేది. చర్చిలో ఆత్మశాంతి పూజ చెప్పిద్దామని పోరు పెట్టేది. "పూజ చచ్చినవాళ్ళకి చేస్తారు" అని ఎదిల్జా తలుపు వేసేసుకునేది. నల్లబట్ట కట్టలేదు, నోటితో 'చచ్చిపోయాడు' అనలేదు. ఇలాంటి మనిషికి సంతలో టోపీ తీసి ఆ ఒక్క మాట చెప్పినవాడు దేవుడితో సమానమవుతాడు. అందులో ఆవిడను తప్పుపట్టాల్సింది ఏముంది?

పామును అటక ఎక్కించింది. నిచ్చెన వేసుకుని తడిగోనెలు కప్పింది, నీళ్ళు చల్లింది. మొదట్లో ఎలుకల సందడి కాస్త తగ్గినట్టే అనిపించింది.

మొదటిసారి ఈల వినిపించింది వాన వెలిశాక. బెలేంలో మధ్యాహ్నం వాన గడియారం లాంటిది. జనం 'వానకు ముందు కలుద్దాం', 'వాన తరవాత రా' అనుకుంటారు. ఆ రోజు కూడా కుండపోతగా కురిసి ఠక్కున ఆగింది. చూరునుంచి బొట్లు పడుతున్నాయి, సందంతా ఖాళీగా ఉంది. ఎదిల్జా మర కడుగుతోంది. అప్పుడు వినిపించింది. పొడుగ్గా ఒకటి. కాస్త ఆగి, పొట్టిగా ఒకటి.

ఆవిడ చేతిలోని చెంబు జారిపోయింది. అది లిందోమార్ ఈల. పడవ కట్టేసి సందు మలుపు తిరగగానే వేసేవాడు, ఆవిడ తలుపు తియ్యాలని. పొడుగ్గా ఒకటి, పొట్టిగా ఒకటి. పెళ్ళి కాకముందు నుంచీ అంతే. తడి చేతులతోనే పరుగెత్తి తలుపు తీసింది. సందులో నీళ్ళు పారుతున్నాయి, ఒక కుక్క ఒళ్ళు దులుపుకుంటోంది. ఎవరూ లేరు. మళ్ళీ వినిపించింది, ఈసారి నెత్తిమీద నుంచి, అటక చెక్కల వెనకనుంచి.

గడప మీద కూర్చుండిపోయింది. భయం వేసింది, అంతకన్నా ఎక్కువగా సంతోషం వేసింది. ఆ సంతోషం చూస్తే మనకే భయం వేస్తుంది.

మర్నాడు వానకు ముందే అర్జెమీరో దగ్గర వాలింది. ఆవిడ చెప్పిందంతా అతను విన్నాడు, మధ్యలో "ఆయన ఈల వేసేవారా?" అని ఒక్క ప్రశ్న వేశాడు. పొడుగెంతో పొట్టెంతో కూడా ఆవిడే వేసి చూపించింది.

"నేను ఆ రోజే అనుకున్నాను దోనా ఎదిల్జా. ఈ పాము నాకు ఎక్కడ దొరికిందనుకున్నారు? మరజో వైపునుంచి కొట్టుకొచ్చిన దుంగ మీద. నోరు తెరిచి చెప్పడానికి ధైర్యం చాల్లేదు. ఆయన ఊపిరి దీన్లో దూరింది. ఇంక వదలొద్దు. రోజూ దాని కింద తెల్ల గుగ్గిలం పొగ వెయ్యండి. పొగ దారి చూపిస్తుంది, మాట దగ్గరవుతుంది."

గుగ్గిలం అతని దగ్గరే ఉంది.

పొగ వేసింది. ఎదిల్జా కళ్ళల్లో నీళ్ళు కారేదాకా, అటకంతా తెల్లగా కమ్ముకునేదాకా వేసింది. విచిత్రం ఏమిటంటే అర్జెమీరో మాట అక్షరాలా నిజమైంది. పొగ వేసిన కొద్దీ ఈల గట్టిపడింది. ముందు వాన వెలిశాకే వినిపించేది, తరవాత మధ్యాహ్నమంతా వినిపించసాగింది. ఆవిడ కుర్చీ తెచ్చి అటక కింద వేసుకుంది. పళ్ళ ధర పెరిగిందనీ, వాకిట్లో మెట్టు విరిగిందనీ, క్లేదియానె బక్కచిక్కిందనీ పైకి చూస్తూ చెప్పేది. పొడుగ్గా ఒకటి, పొట్టిగా ఒకటి జవాబు వచ్చేది. ఆవిడ తల దువ్వుకోవడం మొదలుపెట్టింది, పూల గౌను బయటికి తీసింది. కొట్టుకు వచ్చినవాళ్ళు "ఏంటి దోనా, కొత్త సంబంధమా?" అని ఆటపట్టిస్తే, "పాతదేలెండి" అని నవ్వేది.

ఎలుకలు మాత్రం తిరిగి వచ్చాయి. రవ్వ బస్తాకు కన్నం పడింది. నిచ్చెనెక్కి చూస్తే పాము గోనెల మీద చుట్ట చుట్టుకోకుండా, తల నిటారుగా పైకెత్తి, నోరు కాస్త తెరుచుకుని ఉంది. పెంకుల సందులోంచి ఎవరినో చూస్తున్నట్టుగా ఉంది. పెదవుల దగ్గర చిన్న నురగ. ఎదిల్జా అది ప్రార్థన అనుకుంది. తిండి ముట్టడం లేదని చెబితే అర్జెమీరో, "లోపల మనిషి ఆత్మ ఉన్నప్పుడు ఎలుకల్ని ఎలా తింటుంది తల్లీ?" అని నొచ్చుకున్నాడు. ఆవిడకే సిగ్గేసింది అడిగినందుకు.

పక్కింటి మార్లూసియా చేపలమ్ముతుంది. క్లేదియానెకు జ్ఞానస్నానపు తల్లి, కాబట్టి ఈ ఇద్దరూ ఒకరినొకరు 'కొమాద్రే' అని పిలుచుకుంటారు. పిలుపులో ఎంత మన్నన ఉన్నా మాటల్లో అంత ఉండదు. ఒక సాయంత్రం వాన వెలిశాక అప్పుగా ఉప్పు అడగడానికి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయి, శిలువ గుర్తు వేసుకుంది.

"కొమాద్రే! మీ ఇంటి మీద మతింత కూర్చుంది!"

"మతింతా లేదు, మట్టిగడ్డా లేదు. ఉప్పు తీసుకుని వెళ్ళు."

"చెవుల్లో ఏం పెట్టుకున్నావే? అంత బాగా ఈల వేస్తుంటే!"

మతింత అంటే అక్కడ పిల్లలకి కూడా హడలు. ఏదో ముసల్ది పిట్టగా మారి ఇంటి కప్పు మీద వాలి ఈల వేస్తుంది. ఈల ఆపాలంటే 'రేపు వచ్చి పొగాకు పట్టుకెళ్ళు' అని మాటివ్వాలి. మర్నాడు పొద్దున ముందుగా ఎవరు వచ్చి పొగాకు అడిగితే వాళ్ళే ఆ మతింత.

"అది లిందోమార్" అంది ఎదిల్జా.

మార్లూసియా ఉప్పు సంగతి మరిచిపోయింది. "బతికున్నన్నాళ్ళూ ఇంట్లో నిలిచిన పాపాన పోలేదు. ఇప్పుడు ఏకంగా అటకెక్కాడా?" అని నవ్వబోయి, కొమాద్రే మొహం చూసి ఆపేసింది. ఆపినదల్లా ఊరుకుందా? మెడ పైకెత్తి, పేటంతా వినిపించేలా, "ఎవరైతేనేం! రేపు పొద్దున రా! పొగాకు ఇస్తాం!" అని అరిచింది. ఎదిల్జా చీపురు తీసుకుని ఆమెను వాకిలి దాటించింది.

దాటించిందే కానీ ఆ మాట మనసులో ముల్లులా దిగింది. తెల్లారి జెండా కట్టి, మర తిప్పుతూ, వచ్చిన ప్రతి మనిషినీ దొంగచూపు చూసింది. వచ్చినవాళ్ళు గుజ్జు అడిగారు, రవ్వ అడిగారు. అప్పుడు చంకలో మూటతో, సంతనుంచి ఇంతదూరం ఎప్పుడూ రాని అర్జెమీరో వచ్చాడు. "కొత్త గుగ్గిలం వచ్చింది దోనా, ముందు మీకే అనుకున్నాను" అంటూ జెండా కింద నిలబడి జేబులు తడుముకున్నాడు. "చిటికెడు పొగాకు ఉంటుందా? బల్ల మీదే మరిచిపోయి వచ్చాను."

గోడ అవతల పొలుసు తీస్తున్న మార్లూసియా చేతిలో కత్తి పడేసి, పొట్ట పట్టుకుని నవ్వింది. "దొరికిందే కొమాద్రే! దొరికింది! మీసాల మతింత!"

అర్జెమీరోకు ఏమీ అర్థం కాక తనూ నవ్వాడు. ఎదిల్జా నవ్వలేదు. లిందోమార్ డబ్బాలోని పొగాకు చిటికెడు తీసి అతని చేతిలో పోసింది. ఈల వేసినవాళ్ళే కదా పొద్దున వచ్చి వసూలు చేసుకునేది, అనిపించింది. ఛ, ఇదేం ఆలోచన అని తనను తానే తిట్టుకుంది. గుగ్గిలం కూడా కొన్నది.

ఆదివారం క్లేదియానె వచ్చింది. పిల్లల ఆసుపత్రిలో నర్సు. మాట కఠినం, మనసు మెత్తన, అచ్చం తల్లి పోలిక. వేయించిన చేప, గిన్నె నిండా అసాయీ పెట్టుకుని కూర్చుంది. బయట వాన కురిసి వెలిసింది. ఈల వచ్చింది.

క్లేదియానె చేతిలో చెంచా గాల్లోనే ఆగిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "నాన్న" అంది, చిన్నపిల్ల గొంతుతో.

"చూశావా? నేను చెబితే పిచ్చిదాన్ననేదానివి" అంది ఎదిల్జా. ఆ క్షణంలో తల్లీకూతుళ్ళు ఇద్దరూ పైకి చూస్తూ ఏడుస్తున్నారు. లిందోమార్ పోయాక ఇద్దరూ కలిసి ఏడ్చింది అదే మొదటిసారి. అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేదో. కానీ క్లేదియానె కళ్ళు మూసుకుని ఇంకా విన్నది. ఆసుపత్రిలో పసివాళ్ళ రొమ్ము మీద చెవి పెట్టి వినే అలవాటు. విన్నకొద్దీ ఆ మొహం కూతురి మొహం పోయి నర్సు మొహం అయింది. లేచి నిచ్చెనెక్కింది. చాలాసేపు దిగలేదు. దిగాక చేతులు చూపించింది. వేళ్ళకు జిగురు.

"అమ్మా, ఇది ఈల కాదు. పిల్లికూతలు."

"ఏం కూతలు?"

"ఉబ్బసం పిల్లలకి రొమ్ములో కూస్తాయి చూడు, అవి. దానికి ఊపిరితిత్తుల నిండా నెమ్ము చేరింది. పడుకుంటే ఊపిరాడక తల ఎత్తుకుని కూర్చుంది. గోనెలు కుళ్ళిపోయాయి, కింద పొట్టంతా పుళ్ళు. నీళ్ళు ఎవరు పొయ్యమన్నారు? ఈ పొగ ఎవరు వెయ్యమన్నారు?"

"పొగ వేస్తే ఈల బాగా వస్తుంది."

"వస్తుంది మరి! ఊపిరాడక వస్తుంది!"

"నువ్వు కూడా విన్నావు. 'నాన్న' అన్నావు."

"అన్నాను" అంది క్లేదియానె. "నాకు మాత్రం వినాలని ఉండదా అమ్మా? కానీ వైద్యం చేయించకపోతే అది చచ్చిపోతుంది. చేయిస్తే కూత ఆగిపోతుంది. రెండిట్లో ఏది కావాలో నువ్వే చెప్పు. నేను చెప్పలేను."

కూతురు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. గిన్నెలో సగం అసాయీ అలాగే మిగిలిపోయింది.

మర్నాడు ఆవిడ గుగ్గిలం వెయ్యలేదు, తడిగోనె తియ్యలేదు. ఎటూ తేల్చుకోలేక సంతకు వెళ్ళింది. దారంతా ఒకటే ఆలోచన. డాక్టర్లు తప్పు చెప్పరా? నర్సులు తప్పు చెప్పరా? అర్జెమీరో తప్పు చెబుతున్నాడని మాత్రం ఎలా తెలుస్తుంది? అసాయీ అమ్మే మనిషి ఆవిడ. నీళ్ళు కలిపిన గుజ్జును కూడా చిక్కటిదని నమ్మించేవాళ్ళను ఎంతమందిని చూసిందో. వాళ్ళను పట్టుకోవడానికి ఆవిడకు ఒక పద్ధతి ఉంది. 'ఇవాళ కాస్త పలచగా ఉన్నట్టుందే, నాకు పలచగానే ఇష్టం' అనాలి. కలిపినవాడు వెంటనే 'పలచగానే ఉందండీ' అంటాడు. కలపనివాడు పోట్లాడతాడు.

"సెవు అర్జెమీరో, మా సందులో ఎవరో అన్నారు, జిబోయా మెట్టమీది పాము, పొడిగా ఉంచాలని."

"ఆ, ఆ! పొడి కూడా మంచిదే దోనా. ఇసక పరిస్తే ఇంకా మంచిది. నా దగ్గర కడిగి ఆరబెట్టిన ఇసక ఉంది."

"మీరు తడి అన్నారు కదా?"

"తడీ కావాలి, పొడీ కావాలి. దాని వేళ దానిది" అన్నాడు, గంగిరెద్దులా తల ఊపుతూ.

ఇంకొక్కటి అడగాలి. అడగకుండా ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఈల ఉంటుంది, కుర్చీ ఉంటుంది, మధ్యాహ్నాలు ఉంటాయి. ఆవిడ కాళ్ళు నిజంగానే వెనక్కి తిరిగాయి. అయినా అడిగింది.

"మా ఆయన ఈలే కాదు, పాట కూడా బ్రహ్మాండంగా పాడేవాడు. రాగం తీస్తే రేవంతా ఆగిపోయేది. పాట కూడా వస్తుందంటారా?"

"ఎందుకు రాదు! నిన్ననే నాకు కలలో వినిపించింది, ఎంత గంభీరమైన గొంతండీ అది! ఈ సీసాలో నూనె రెండు చుక్కలు దాని తలకు రాయండి, వారం తిరిగేసరికి..."

లిందోమార్ పాట పాడలేడు. చర్చిలో కూడా పెదవులు ఆడించేవాడే కానీ గొంతు విప్పేవాడు కాదు. ఒకసారి పుట్టినరోజుకి పాడబోతే పిల్ల ఏడ్చింది. ఎదిల్జా సీసా అందుకోకుండానే అక్కడినుంచి కదిలింది. వెనకనుంచి అర్జెమీరో పిలుస్తూనే ఉన్నాడు. అతని మీద కోపం కూడా రాలేదు. పాట అబద్ధమైతే ఈల కూడా అబద్ధమే కదా, అదొక్కటే తలలో తిరిగింది. నిజానికి అతను కొత్తగా ఏమీ చెప్పలేదు. ఆవిడ తీసుకెళ్ళిన మాటలనే రంగు వేసి ఆవిడకే తిరిగి అమ్మాడు.

ఇంటికి వచ్చి నిచ్చెనెక్కింది. ఎవరికోసం ఎక్కిందో ఆవిడకే తెలియదు. చేతిలో గుగ్గిలం డబ్బా ఉంది, అగ్గిపెట్టె ఉంది. చివరిసారి, ఒక్కసారి, గట్టిగా విని ఆ తరవాత కూతుర్ని పిలుద్దామనుకుంది. ఈ పాడు ఆశ ఎవరికి ఉండదు చెప్పండి.

వాన వచ్చే ముందరి చీకటి కమ్ముకుంది. పాము తల ఎత్తే ఉంది. నోరు తెరిచింది, ఊపిరి పీల్చింది. పొడుగ్గా ఒకటి. మెడ వణికింది, నురగ పొంగింది. పొట్టిగా ఒకటి. తల కాస్త వాలింది, మళ్ళీ బలవంతాన పైకి లేచింది. నీళ్ళ మీదికి లేచినట్టు లేచింది.

ఎదిల్జా అగ్గిపుల్ల గీయలేకపోయింది. నది ఒడ్డున పుట్టిన మనిషికి ఆ తల ఎత్తడం ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. మునిగేవాళ్ళు అలాగే ఎత్తుతారు. నోరు పైకి పెట్టి, కళ్ళు తేలేసి, గాలి కోసం. ఇన్ని మధ్యాహ్నాలు కుర్చీ వేసుకుని, తల దువ్వుకుని, తను విన్నది అదే. ఒక ప్రాణం మునుగుతుంటే పూల గౌను వేసుకుని కబుర్లు చెప్పింది. ఈల ఆగినప్పుడల్లా ఇంకాస్త పొగ వేసి, ఇన్ని నీళ్ళు పోసి, మళ్ళీ ముంచింది.

"పాపిష్టిదాన్ని" అంది పైకే. డబ్బా కిందికి విసిరేసింది. గోనెలన్నీ లాగిపారేసి, దండెం మీది తన పూల గౌనులోనే పామును చుట్టి, ఖాళీ అసాయీ బుట్టలో పెట్టుకుని, వానలోనే రోడ్డెక్కింది.

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ బుట్టలోకి చూసి, "ఎక్కడ కొన్నారో నేను అడగను, మీరూ చెప్పకండి" అంది. ఆవిడ ఒకపక్క మాట్లాడుతూనే చేతులతో పని చేసుకుపోయింది. తడిలో ఉంచినందుకు తిట్టింది, పొగకు ఇంకా ఎక్కువ తిట్టింది. "సాధువని చెప్పి అమ్మారా? సాధువు కాదమ్మా, కొనేనాటికే ఒంట్లో బాగాలేదు. బాగున్న పాము చేతికి చుట్టుకుంటుంది, నాలుక ఆడిస్తుంది, బుస కొడుతుంది. పొడి చోటు, ఒక పక్క వెచ్చదనం, తాగడానికి గిన్నెలో నీళ్ళు, ఎక్కడానికో కొమ్మ. బతికితే కొన్నాళ్ళకో ఎలుక. ఇంకేం అక్కర్లేదు. దాంతో కబుర్లు కూడా అక్కర్లేదు" అంది. ఆ ఆఖరి మాట ఊరికే అన్నదే కానీ, ఎదిల్జా తల దించుకుంది.

సూదులు క్లేదియానె వేసింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చేది. పామును ఎదిల్జా పట్టుకునేది. మొదట్లో చేతిలో చచ్చిన బరువులా ఉండేది. సూది వేశాక దీపం బల్బు పక్కన దాన్ని పడుకోబెట్టి, ఇద్దరూ గోడకు ఆనుకుని కూర్చుని వినేవాళ్ళు. కూత ఉందో లేదో వినడం వైద్యంలో భాగమే. కానీ ఆ వినడంలో వైద్యం ఎంత ఉందో ఇంకోటి ఎంత ఉందో ఇద్దరికీ తెలుసు.

ఈల సన్నబడింది. ముందు పొట్టిది పోయింది. పొడుగుది కొన్నాళ్ళు గాలి తీసిన బుడగలా వచ్చింది. ఎదిల్జాకు ఒక్కోసారి సూది వద్దు అనాలనిపించేది. చెయ్యి మాత్రం వదిలేది కాదు. మార్లూసియా గోడమీంచి తొంగిచూసి, "తగ్గిందా కొమాద్రే?" అని అడిగేది. దేన్ని గురించి అడుగుతుందో చెప్పేది కాదు. "తగ్గుతోంది" అనేది ఎదిల్జా.

ఒకరోజు సూది వెయ్యబోతుంటే పాము గట్టిగా మెలితిరిగి ఎదిల్జా మణికట్టుకు చుట్టుకుంది. నాలుక ఆడించింది. బిగించిన పట్టుకు ఆవిడ వేళ్ళు ఎర్రబడ్డాయి. క్లేదియానె నవ్వింది. "అమ్మా, బలం వచ్చింది దీనికి! బుస కొడుతోంది చూడు!"

బయట వాన అప్పుడే వెలిసింది. ఇద్దరూ అలవాటుగా ఊపిరి బిగబట్టి విన్నారు. చూరు బొట్లు వినిపించాయి. సందులో ఎవరో సైకిల్ గంట కొట్టారు. ఎదిల్జా పామును చెవి దగ్గరికి తీసుకుంది. చల్లటి పొలుసుల కింద ఊపిరి వస్తోంది, పోతోంది. చప్పుడు లేదు.

ఆవిడ చాలాసేపు అలాగే చెవి ఆనించి ఉంది. కూతురు పిలిచినా తీయలేదు. తీశాక మొహం ఎండిపోయి ఉంది.

"మీ నాన్న చచ్చిపోయాడే" అంది.

క్లేదియానె సూది పక్కన పెట్టింది.

"నీళ్ళు మింగి చచ్చిపోయాడు. ఊరికే పోయి ఉండడు, గాలి కోసం చాలాసేపు కొట్టుకుని ఉంటాడు. మనం ఎవరమూ అక్కడ లేం." పాము చుట్టను మణికట్టు మీద సర్దుకుంది. "ఫాదర్‌కి చెప్పు, పూజ ఎప్పుడు పెడతాడో అడుగు."

కూతురు వచ్చి పక్కన కూర్చుంది. పాము ఇద్దరి చేతుల మధ్య బరువుగా, వాళ్ళ వేడికి వెచ్చబడి కదులుతోంది. ఎదిల్జా దాన్ని వదలకుండా ఏడ్చింది.